ఎండ చూడని నారు

నర్సరీ పెద్దాయన టమాటా నారు అమ్మేముందు అరచేత్తో మొక్కల తలలు నిమురుతాడు. లేత కాడలు వంగి, చెయ్యి తియ్యగానే మళ్లీ నిలబడాలి. అంతటితో వదలడు. వారం రోజులు నీళ్లు తగ్గించి, ట్రేలను నీడవల కింద నుంచి రోజూ కాసేపు ఎండలోకి మోసి, మొక్కలకు ఎండ అలవాటైతేగాని ఎవరికీ ఇవ్వడు. ఈసారి మోకాళ్ల నొప్పులతో ఆ మోత మానేశాడు. "ఈయన చెయ్యి తగిలితే తిరుగుండదు" అని కొనేవాళ్లు పొగుడుతుంటే మాత్రం కాదనలేక, పైపైన నిమిరి, "ఇక నాటుకోమ్మా" అని పక్కవీధిలో బట్టలు కుట్టే అమ్మాయికి ఇచ్చేశాడు.

నాలుగో రోజు ఆమె గుప్పెడు వాడిన మొక్కలతో వచ్చింది. ఆకులు ఉడికినట్టు తెల్లబారి ఉన్నాయి.

"మీ నారుకేం వంక లేదు బాబాయ్. నా చెయ్యే మంచిది కాదు. మా అత్తగారు ఎప్పుడూ అనేదే."

పెద్దాయన నోరు తెరిచాడు. ఆమె వెనకాల ఇద్దరు కొనేవాళ్లు నిలబడి ఉన్నారు.

"పోనీలేమ్మా, అందరి చెయ్యీ ఒకలా ఉండదు" అన్నాడు. "వచ్చే వారం రా, ఇంకో ట్రే ఊరికే ఇస్తాను."

ఆమె మొహం విప్పారింది. "ఆ ట్రేను ఇప్పుడే ఒకసారి నిమిరి పెట్టండి బాబాయ్, ఈసారైనా బతుకుతాయి."

ఆయన మట్టిచేతిని తుండుగుడ్డకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. మొక్కల మీదకు మాత్రం చాచలేకపోయాడు.