వేప పలకలకు రెండో పూత

మా మామయ్య, అంటే నా భర్త తండ్రి, పోయి పన్నెండు రోజులైంది. ఆయన పోయిన పొద్దున నేను అవిసె నూనె కొనడానికి నిర్మల్ వెళ్లాను. బజారులో ఉండగా, ఎన్నడూ ఫోన్ చేయని అత్త చేసింది. "మీ మామ లేస్తలేడే. ఎంత పిలిచినా పలుకుతలేడు. జల్ది రా." నూనె డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఖానాపూర్‌లో మా ఇల్లు చేరేసరికి వాకిలి నిండా చెప్పులున్నాయి.

ఆయన వడ్రంగి. వయసు మీదపడి తలుపులు, కిటికీలు చేయలేక, కూరగాయలు కోసుకునే వేప పలకలు చేసి అమ్మేవాడు.

మూడేళ్ల కింద దుబాయి నుంచి నా భర్త శవం పెట్టెలో వచ్చింది. మీకు దాచేదేముంది, వెళ్లమని పోరింది నేనే. అత్త నాతో మాట మానేసింది. నాకు బతకాలనిపించలేదు. అలాంటి రోజుల్లోనే మామయ్య ఒక పలక, పాత పంచె ముక్క నా ముందు పెట్టాడు.

"నా చెయ్యి వణుకుతుంది బిడ్డా. నూనె నువ్వు రుద్దు."

అవిసె నూనె అయిపోతే ఒకసారి, ఆయనకు చెప్పకుండా, వంటింట్లోని పల్లినూనె పూశాను. పలకలు బాగానే మెరిశాయి. నెలన్నర తిరక్కుండా పాత నూనె కంపు కొడుతూ వెనక్కొచ్చాయి. కొన్నవాళ్లు వాకిట్లో పడేసి పోయారు.

"నేను ముట్టుకున్నదల్లా నాశనమైతది మామా. నన్నిడిసిపెట్టు," అని ఏడ్చాను.

ఆయన తిట్టలేదు. పలకలన్నీ ముందేసుకుని, కంపు పట్టిన పై పొర పోయేదాకా చిత్రిక పట్టాడు. ఆ వణికే చేతులతో పదిహేను రోజులు పట్టింది. చివరి రోజు అన్నాడు: "పల్లినూనె ఆరది బిడ్డా, కంపు కొడ్తది. అవిసె నూనె ఆరుతది. గంతే. ఇగ నా కొడుకు సంగతంటవా, పోతనన్నడు, పోయిండు. నేను గూడ ఆపలే."

ఆ మాట నాతో ఇంకెవరూ అనలేదు.

నూనె గిన్నెను ఎండలో పెట్టి వేడెక్కనిచ్చేవాడు. పూసిన కాసేపటికి మిగిలినదంతా తుడిపించేవాడు. "చెక్క తాగినంతనే తాగనియ్యాలె," అనేవాడు. ఆరిందో లేదో పలకను చెంపకు ఆనించుకుని చూసేవాడు. నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి మంటలంటుకుంటాయని, ఒక్కొక్కటీ విప్పి దండెం మీద వేసేవాడు.

ఆయన పనిచేసిన కొట్టంలో, చివరిగా కోసిన పలకలు ఒక్క పూతతో గోడకు ఆనించి ఉన్నాయి. నిన్న చుట్టాలంతా వెళ్లిపోయాక, రెండో పూత వేద్దామని వాటి ముందు కూర్చున్నాను. చేయి కదల్లేదు. ఇవి అయిపోతే కోసిచ్చే మనిషి లేడు. రంపం పట్టడం నాకు రాదు. తర్వాత ఏం చేయాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

అత్త వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడింది. ఈ మూడేళ్లలో ఆమె అటు రాలేదు.

"ఇగ మనకెవరున్నరే?" అంది.

ఆమె నా ఎదురుగా కూలబడి, ఒక పలక ఒళ్లోకి తీసుకుని, గుడ్డ నూనెలో ముంచింది. చెక్క చారల వెంట రుద్దాలి. ఆమె అడ్డంగా రుద్దుతోంది. నూనె ఆమె మోచేతి దాకా కారి చీరలోకి ఇంకుతోంది. ఆమె రుద్దుతూనే ఉంది.