ఎడమకు జరిపిన పెడల్

2004 వేసవిలో నన్ను గుడ్‌గావ్‌లో విదేశాలకు చొక్కాలు కుట్టి పంపే ఒక ఫ్యాక్టరీలో లైన్ సూపర్వైజర్‌ని చేశారు. లైన్ అంటే వరసగా వేసిన కుట్టుమిషన్లు. ఒకరు కాలర్ కుడితే పక్కవారు చేతులు అతుకుతారు, చివరికి చొక్కా అవుతుంది. నేను చదివింది అయిదో తరగతే. ఆ మిషన్లన్నిటి మీదా కూర్చుని పైకొచ్చినదాన్ని.

వరస చివర హెల్పర్లు నేలమీద కూర్చుని వేలాడే దారాలు కత్తిరించేవారు. టైలర్ల కంటే వాళ్ళ జీతం బాగా తక్కువ. వాళ్ళలో లలిత ఒకతె. మా శ్రీకాకుళం వైపు పిల్ల, పోలియోతో కుడికాలు చచ్చుబడింది. కుట్టుపని వచ్చినా, కరెంటు మిషన్ నీవల్ల కాదని దారాల దగ్గర కూర్చోబెట్టారు.

క్యాంటీన్ మేడమీద. భోజనాలవేళ కింద లైట్లు, ఫ్యాన్లు కట్టేసేవారు. మెట్లెక్కలేక లలిత ఆ మసక చీకట్లోనే డబ్బా విప్పుకునేది. పైనుంచి మా నవ్వులు ఆమెకు వినబడుతూనే ఉండేవి. ఒకరోజు నేనూ కిందే ఉండిపోయాను.

"పైకెళ్ళండాంటీ, ఫ్యానుంటాది" అంది.

"మిషన్ తొక్కగలవా?"

"ఎడంకాలు చాలదేటి? కుడికాలున్నది చెప్పులు జతగా కొనడానికే!"

మెకానిక్ భయ్యాతో ఒక మిషన్‌కి పెడల్ ఎడమవైపు జరిపించాను. బట్ట తిప్పేటప్పుడు, సూది దగ్గర దాన్ని అదిమిపట్టే ఇనప పాదం ఎత్తడానికి కుడిమోకాలితో నెట్టే మీట ఒకటుంటుంది. ఆ పని ఆమె మిషన్ వెనకవైపున్న చేతిమీటతో కానిచ్చింది. లైన్లన్నిటికీ పెద్ద అయిన మాస్టర్ ఎదుట ట్రయల్ పెట్టాం. కాలర్ మొనలు వేలితో తడిమి చూసి, ఆయన "అచ్ఛా, కూర్చోనీ" అన్నాడు.

మర్నాటినుంచి లలిత టైలర్ పని చేసింది. నెలాఖరున చూస్తే హాజరు కార్డు మీద హెల్పర్ అనే ఉంది, జీతమూ హెల్పర్‌దే. మాస్టర్‌ని అడిగాను.

"మిషన్ ఇచ్చాం కదా దీదీ! బయట ఈమెకి ఎవరిస్తారు?" అన్నాడు.

వేరే ఫ్యాక్టరీ చూసుకోమని లలితతో అన్నాను.

"అక్కడ పెడల్ ఎవరు మారుస్తారాంటీ?" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

కొన్నాళ్ళు ఇద్దరం కిందే తిన్నాం. తరవాత నన్ను పై అంతస్తు లైన్‌కి మార్చారు. ఆమె భోజనం మళ్ళీ ఒంటరిదైంది.

పెడల్ జరపడానికి పావుగంట పట్టింది. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆమె కార్డు మీద హెల్పర్ అన్న మాట మారలేదు. వికలాంగురాలికి పనిచ్చామని ఎవరైనా చెబితే, ఏ జీతం మీద ఇచ్చారని అడగడం అక్కడ నేర్చుకున్నాను.