మీటరు ముందు పిన్నిగారు

ఆ ల్యాబులో అందరూ ఆమెను పిన్నిగారనే పిలుస్తారు. నిజానికి ఆమెకు అక్కలూ లేరు, అక్క పిల్లలూ లేరు. ఉన్న ఒక్క భర్త ఆరేళ్ళ క్రితం పోయాడు. ఇంటికెళితే ఫ్రిజ్ గుర్రుమనడమే తప్ప పలకరించే దిక్కు లేదు.

చేప కణాల నుంచి తీసిన డీఎన్‌ఏను సన్నటి దారంలా లాగి, రెండు బంగారు తీగల మధ్య పరిచి, అందులోంచి కరెంటు పారుతోందో లేదో మీటరు చూసి రాయడం ఆమె పని. తాతముత్తాతల పోలికలు మోసుకొచ్చే ఆ పదార్థం వైరుగా కూడా పనికొస్తుందని నిరూపించాలన్నది పెద్దసారు పదేళ్ళ పంతం. వేరేవాళ్ళు కొలిస్తే ముల్లు కదలదు. పిన్నిగారు కూర్చుంటే చాలు, లేస్తుంది.

"మీది బంగారు చెయ్యి పిన్నిగారూ!" అనేవాడాయన. ఆ ఒక్క మాటతో ఆమెకు వారమంతా కడుపు నిండిపోయేది.

తీరా ఫలితాలు అచ్చుకు పంపే వారంలో, కొత్తగా చేరిన సైంటిస్టు పుల్ల వేశాడు. "ఆవిడకే ఎందుకొస్తోంది సార్? ఎక్కడో తేమ తగులుతోంది. తడి పీల్చుకుంటే కరెంటు పారేది ఆ తడిలోంచే కదా!"

పెద్దసారు గయ్యిమన్నాడు. పిన్నిగారికి మాత్రం ఆ తేమ ఎక్కడిదో తెలిసిపోయింది.

ఆమె ఆ డీఎన్‌ఏ దారంతో మాట్లాడుతుంది. గాజు మూత వేసి కొలవాలన్నది రూలు. వేస్తే తలుపు అవతలి మనిషితో మాట్లాడినట్టుంటుందని ఆమె వేసేది కాదు. మీదికి వంగి, కూర మాడిందనీ, మోకాలు సలుపుతోందనీ, పై ఇంటావిడ మెట్ల మీద చూసి కూడా తల తిప్పుకుందనీ చెప్పుకునేది. ముల్లు లేస్తే వింటోందనుకునేది, పిచ్చి మనిషి.

చెబితే సిగ్గుతో చచ్చిపోవాలి. చెప్పకపోతే పెద్దసారు పేరు మీద అబద్ధం అచ్చవుతుంది.

మర్నాడు పొద్దున మూత వేసి, నోరు కుట్టుకున్నట్టు గంటసేపు కూర్చుంది. ముల్లు చస్తే కదల్లేదు. పుస్తకంలో సున్నా రాసి, పెద్దసారుని పిలిచింది.

"సార్, ఇన్నాళ్ళూ లేచింది నా ఊపిరికి. మూత తీసి... దీంతో కబుర్లు చెబుతుంటాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పదేళ్ళ పంతం మొహంలోంచి జారిపోయింది. తలెత్తి, మెల్లగా అడిగాడు.

"ఏం కబుర్లు పిన్నిగారూ?"

ఆరేళ్ళలో ఆమెను ఆ మాట అడిగిన మనిషి లేడు. చెబుదామని నోరు తెరిచింది. ఒక్క కబురూ పైకి రాలేదు.

"ఏం లేదు సార్" అంది.