నడుస్తూ చదివిన ఏడో తరగతి

పోయిన నెలలో మా అక్క మనవరాలిని తీసుకుని పంజగుట్టలో ఒక సెంటరుకు వెళ్లాం. చదువులో ఇబ్బంది పడే పిల్లలను పరీక్షించి, తిప్పలు ఎక్కడ ఉన్నాయో కనిపెట్టి, దానికి తగ్గట్టు నేర్పే చోటు అది. పిల్ల నాలుగో తరగతి. మాటల్లో గడుసుది, కథ మొదలుపెడితే వదలదు, పుస్తకం ముందు పెడితే మాత్రం కడుపునొప్పి అంటుంది. అక్క కోడలికి ఆఫీసులో సెలవు దొరకలేదని, అక్క ఒక్కతే మెట్రో ఎక్కడానికి జంకుతుందని తోడు వెళ్లాను గానీ, చిన్న కుర్చీలో ముడుచుకుని ఒక్కో అక్షరాన్నీ తడుముకుంటున్న ఆ పిల్లను చూడగానే నాకు యాభై ఏళ్ల కిందటి మా అక్కే కనిపించింది.

అప్పట్లో మేము యూసుఫ్‌గూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాకంటే రెండేళ్లు పెద్దదైన అక్క రెండుసార్లు తప్పి, ఏడో తరగతిలో నా పక్కన వచ్చి కూర్చుంది. తరగతి ఒకటే గనక నాయన ఇద్దరికీ కలిపి ఒకటే జత పుస్తకాలు తెచ్చాడు. మన కాలంలో చదవడమంటే గొంతెత్తి చదవడమే కదా. పొద్దుగూకితే వాడకట్టులో ప్రతి గడప మీదా పిల్లలు పోటీ పడి అరుస్తుండేవారు. నేను చదువుతుంటే అక్క బియ్యం ఏరుతూనో అంట్లు తోముతూనో వినేది. పదిసార్లు చదివినా నాకు ఎక్కని పాఠం తనకు రెండుసార్లు వింటే వచ్చేసేది, పైగా నేను తప్పు చదివితే దిద్దేది కూడా! అదే పాఠం రాయమంటే మాత్రం అక్షరాలు తారుమారయ్యేవి, ఒత్తులు ఎగిరిపోయేవి, పేపరంతా ఎర్రగీతలతో తిరిగొచ్చేది.

క్లాసు సారు నాయనను పిలిపించి, చిన్నది చదివి పెడుతుంటే పెద్దది సోమరిదైపోతోందని చెప్పారు. ఆయన మంచివారే, ఆ రోజుల్లో ఎవరిని అడిగినా ఆ మాటే అనేవారు. నాయన ఇంటికి రాగానే తేల్చేశాడు, ఇకమీదట నేను చదివి వినిపించకూడదని, ఈసారి ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష తప్పితే అక్క బడి మానేసి మేనత్త దగ్గర కుట్టుపనికి పోవాలని. అక్కకేమో బడి అంటే ప్రాణం. అన్ని మొట్టికాయలు తిన్న మనిషికి బడి మీద అంత ఇష్టమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వారం రోజుల పాటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్క పేజీ తిప్పకుండా కూర్చుంది.

నా వల్ల కాలేదు. మా బడి అమీర్‌పేటలో, రోజూ నడిచే వెళ్లేవాళ్లం. ఎనిమిదో రోజు మా గల్లీ మలుపు తిరగగానే పుస్తకం తెరిచాను. నేను తలెత్తకుండా చదువుతూ నడుస్తుంటే, అక్క నా మోచెయ్యి పట్టుకుని రిక్షాలకూ బర్రెలకూ గుంటలకూ తప్పించి నడిపించేది. పోతూ సోషల్, వస్తూ సైన్సు. దారిలో కిరాణా కొట్టు తాత రోజూ మమ్మల్ని చూసి, “జర ముందుకు సుత చూడుండ్రి బిడ్డా, పాఠం యాడికి పోదు” అని నవ్వేవాడు. నాయన చెవిన వేస్తాడేమోనని మాకు ఒకటే దడ. వేయలేదు పాపం.

ఆ ఏడు అక్క అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. పదో తరగతి మాత్రం మూడుసార్లు రాసినా దాటలేక చివరికి కుట్టు మిషన్ ముందు కూర్చుంది. అలా కూర్చున్న రోజే, నడుస్తూ చదివిన సంగతి నాయనకు నోరు జారి చెప్పాను. “నువ్వే దాన్ని చెడగొట్టినవ్” అన్నాడు. ఒక్కసారే అన్నాడు. తర్వాత అక్క శ్రీనగర్ కాలనీలో దుకాణం పెట్టి, కొలతలన్నీ కాగితం లేకుండా మనసులోనే ఉంచుకుని, సగం కాలనీకి జాకెట్లు కుట్టింది. నేను ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్నాను. అయినా, అక్క చదువు నేనే పాడుచేశానేమో అన్న ముల్లు మాత్రం లోపల అలాగే ఉండిపోయింది.

సెంటరులో మేడం వయసులో నా కూతురి కంటే చిన్నది. పిల్ల తెలివికి ఏ లోటూ లేదని, దీన్ని డిస్లెక్సియా అంటారని, అక్షరాలు విడిగా తాము నేర్పుతామని, పాఠాలు మాత్రం ఇంట్లో ఎవరైనా చదివి వినిపించాలని చెప్పింది. సోమరిది అయిపోదా అని అడిగాను. “కళ్లజోడు పెట్టుకుంటే కళ్లు సోమరివైపోతాయా అమ్మా?” అని నవ్వింది. నేను ఏమీ అనకముందే అక్క అందుకుంది.

“మా చెల్లె నాకు గట్లనే చదివింది మేడం. తొవ్వ పొంటి నడుచుకుంట. గందుకే ఏడో తరగతన్న పాసైన.”

అక్కడే, ఆ పిల్లల బొమ్మల మధ్య, సిగ్గు లేకుండా ఏడ్చేశాను. యాభై ఏళ్ల బరువు అలా దిగిపోయింది. నాయన కూడా ఆ మాట విని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

ఇప్పుడు బండ్ల రద్దీలో ఆ బడి దారిన పుస్తకం చూస్తూ నాలుగడుగులు వేయలేం. గడపల మీది చదువులూ ఎప్పుడో ఆగిపోయాయి. పిల్లలు తలుపులేసుకుని లోలోపలే చదువుకుంటారు, పక్క గదిలో ఉన్నవాళ్ల చెవిన పడేదేమీ లేదు. అందుకని వారానికి మూడు సాయంత్రాలు అక్క ఇంటికి వెళ్లి, మనవరాలికి తెలుగు వాచకం గొంతెత్తి చదువుతున్నాను. పిల్ల బొమ్మలు వేసుకుంటూ వింటుంది. వంటింట్లోంచి అక్క నా తప్పులు దిద్దుతోంది.