అయిదో ఇంటి బియ్యం

నా కొడుకు డాక్టరమ్మ చలవ అంటాను నేను. కాదు, పీరు చలవ అంటుంది అమ్మ. నాకు రెండుసార్లు కడుపు పోయాక, అద్దాల ఆఫీసుల మధ్య ఇరుక్కున్న మా పాత ఊరి పీర్ల కొట్టంలో ఆమె మొక్కుకుంది. పిల్లాడు దక్కితే మొహర్రానికి ఫకీరును చేస్తానని. అంటే చేతికి ఆకుపచ్చ దారం కట్టి, జోలె వేసి, అయిదిళ్లు బిచ్చమెత్తించాలి. ఆ బియ్యం పీరుకు ముట్టాకే దారం విప్పాలి, అదీ కట్టినవాళ్లే విప్పాలి. లేకపోతే ఇచ్చినవాడే తీసుకుపోతాడట.

దారం కట్టింది కొట్టం చూసుకునే ముసలాయన. ముస్లిమే అయినా అమ్మకు అన్న వరస. మొహర్రం ఊరేగింపులో ఆయన పీరునెత్తితే మా తాత గొడుగు పట్టేవాడు.

మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్లోనే బిచ్చానికి బయలుదేరాం. సిగ్గుతో నా ప్రాణం పోతోంది. ఎదురింటావిడ కోస్తా మనిషి, మహా మర్యాదస్తురాలు. జోలె చూసి, "రాత్రి సాంబారన్నం ఉందండీ, పెట్టమంటారా?" అంది.

"పాసిపోయింది మీరే తినుండ్రి. పిల్లగానికి పిడికెడు బియ్యమెయ్యుండ్రి" అంది అమ్మ.

మూతి ముడుచుకునే వేసింది. తర్వాతి మూడిళ్లూ సణుక్కుంటూ వేశాయి.

అయిదో ఇల్లు పై అంతస్తులో, ఆ ముసలాయన కొడుకుది. తండ్రి ఉండేదీ అక్కడే. అమ్మ పుట్టింటికి పోయినట్టు పోయింది. అమ్మను ఫుప్పూ అని, అంటే మేనత్తా అని, పిలిచే ఆ కొడుకు గుమ్మంలోనే ఆపేశాడు. "ఫుప్పూ, జర ఏమనుకోకు. మా దాంట్ల ఇది లేదు. నాయిన తెల్వక చేసిండు."

వెనక సోఫాలో ముసలాయన ఉన్నాడు. అమ్మ ఆయన్నే చూసింది. ఆయన టీవీ చూశాడు. తలుపు మూసుకుంది.

ఇంకో ఇల్లు అడుగుదామన్నాను. "అడిగిన ఇల్లే ఇయ్యాలె" అని, ఉన్న బియ్యం పావురాలకు పోసేసింది. దారం పిల్లాడి చేతికే ఉండిపోయింది. వాడు తుమ్మితే చాలు, అమ్మ ముఖం పాలిపోయేది.

రంజాన్‌కు ముసలాయన షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని దిగొచ్చాడు. జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "చెల్లె, కొడుకు ఇంట్ల లేడు. ఇగో బియ్యం. దారం ఇప్పుత, పిల్లగాన్ని పిలువు."

అమ్మ మనవడి చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"మా దాంట్ల ఇది లేదన్నా" అని తలుపేసింది.

నాకు కడుపు చల్లబడింది. అమ్మ మాత్రం అక్కడే కూలబడి, మనవడి మణికట్టు మీది దారాన్ని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. దాన్ని విప్పాల్సిన చెయ్యి, తలుపవతల, గిన్నె పట్టుకుని మెట్లెక్కి పోతోంది.