తీర్థంతో మింగిన మాత్ర

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే సందులో నాకు పేరుతో పనిలేకుండా పోయింది. ‘ఫిట్స్ పిల్ల’ అంటే చాలు, ఎవరైనా మా ఇల్లు చూపించేవాళ్లు. మా నాన్న నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి లారీ నడిపేవాడు. రెండు గదుల కిరాయి ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. దవాఖానలో ఇచ్చిన మాత్రలు నేను పొద్దునొకటి, రాత్రొకటి వేసుకోవాలి. గుమ్మంలో ఎవరి అలికిడైనా అమ్మ మాత్రల డబ్బాను బియ్యం కుండ వెనక్కి నెట్టేది. దాచేది డబ్బానే అయినా నన్నే దాచినట్టుండేది.

నాయనమ్మకు మాత్రల మీద కోపమేమీ లేదు, నమ్మకం మాత్రం హనుమంతుడి మీద. నా జబ్బు పోవాలని మొక్కి, నాచేత శనివారం ఒక్కపొద్దు పట్టించింది. పొద్దుగూకే దాకా నోట్లో ఏదీ పడకూడదు, పొద్దుటి మాత్ర కూడా. “మాత్రేస్కుంటె ఇంక ఒక్కపొద్దు ఏడుంటది? గది సుత తిన్నట్టే” అనేది. ఆమె మాటకు అమ్మ ఎదురు చెప్పేది కాదు. నిజానికి ఆ శనివారాలు నాకూ ఇష్టమే. మిగతా రోజులు రోగిష్టిదాన్ని, ఆ ఒక్క రోజు భక్తురాలిని. ఇంత చిన్నపిల్ల ఎంత నిష్ఠగా ఉందో అని ఇరుగుపొరుగు ముచ్చటపడుతుంటే ఆకలి కూడా తెలిసేది కాదు.

ఆదివారం వచ్చేసరికి మాత్రం పడిపోయేదాన్ని. మొక్కు చాల్లేదేమో అని నాయనమ్మ మంగళవారం కూడా కలిపింది. ఆ బుధవారమే బడిలో, ప్రార్థన వరుసలో, అందరి ముందూ పడ్డాను. కళ్లు తెరిచేసరికి ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు. పిడికిట్లో తాళంచెవుల గుత్తి. పావడా తడిసి ఉంది. మళ్లీ ఇలా అయితే పిల్లను బడికి పంపొద్దని హెడ్మాస్టరు కబురు చేశాడు. నాకు చదువంటే ప్రాణం. అయినా ఆ రోజు, బడి మానేస్తేనే నయం, ఆ మొహాలు మళ్లీ చూడక్కర్లేదు అనుకున్నాను.

ఇంకో రోజు కూడా ఒక్కపొద్దు పట్టాలా అని అడగడానికి నాయనమ్మ నన్ను సందు చివర హనుమాన్ గుడికి తీసుకుపోయింది. అక్కడి పంతులుగారు కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. నేను ఏయే వారాల్లో పడ్డానో నెమ్మదిగా అడిగాడు. తర్వాత మాత్రల సంగతి అడిగాడు. ఒక్కపొద్దు నాడు మాత్ర ముట్టనియ్యనని నాయనమ్మ గొప్పగానే చెప్పింది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. “శనివారం పిల్లతో పాటు ఆ మాత్ర కూడా తీసుకురండమ్మా” అన్నాడు.

శనివారం గుడి కిటకిటలాడుతోంది. పంతులుగారు నా మాత్రను పళ్లెంలో ఉంచి స్వామి పాదాల దగ్గర పెట్టాడు. తర్వాత అందరూ చూస్తుండగానే దాన్ని నా అరచేతిలో పెట్టి, పైన తీర్థం పోశాడు. “మింగు తల్లీ. తీర్థంతో పుచ్చుకున్నదేదీ ఉపవాసాన్ని చెడగొట్టదు.”

మింగాను కానీ, సిగ్గుతో చచ్చిపోయాను. బియ్యం కుండ వెనక దాగినదాన్ని నడిగుళ్లో నిలబెట్టాడని ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఇంతలో నా వెనకున్న ముసలమ్మ చెయ్యి చాపింది. “పిల్లకొక్కదానికే ఇస్తవేంది పంతులూ, నాకు సుత గదే ఇయ్యి!”

అందరూ నవ్వారు. పంతులుగారు నవ్వలేదు. “మీకూ దవాఖాన మాత్రలుంటే తెచ్చుకోండమ్మా, ఇలాగే ఇస్తాను” అన్నాడు. ముసలమ్మ చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. పై శనివారం కొంగున ముడేసుకుని బీపీ మాత్ర తెచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆమె కూడా ఒక్కపొద్దులకు మానేస్తోందట.

నేను తీర్థంతో మాత్ర మింగిన ఆ మొదటి శనివారమే, గుడి నుంచి నాయనమ్మ నన్ను ఇంటికి తీసుకొచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయి, “నిన్ను నేనే పడగొట్టిన్నా బిడ్డా?” అంది. సందులో ఎవరికీ తలొంచని మనిషి నా ముందు తలొంచుకుంది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రం మాత్రల డబ్బాను తనే తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది. తర్వాత ఒక్కపొద్దు రోజుల్లో తీర్థమూ మాత్రా కలిపి ఆమే ఇచ్చేది. పడిపోవడం ఒక్కసారిగా ఆగలేదు కానీ బాగా తగ్గింది. బడి మానలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. మాత్రలు మారాయి, మానలేదు. శనివారం ఒక్కపొద్దూ మానలేదు. మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ బయట మాత్ర తీశానో లేదో, ఎవరో చూస్తున్నారనిపించి పిడికిలి దానంతటదే మూసుకుంది. ఇంత వయసొచ్చినా ఈ సిగ్గు చావలేదు. పంతులుగారు గుర్తొచ్చాడు. మూసిన పిడికిట్లో ఎవరూ తీర్థం పొయ్యరు. చెయ్యి తెరిచి, అంతమందిలోనే మింగాను.