చంద్రపూర్‌లో అక్కకు కరెంటు బిల్లు చదివిన రోజు

బొగ్గు మీద పన్ను వేయాల్సిందేనని ఈ బ్లాగులోనే గట్టిగా వాదించాను, గుర్తుండే ఉంటుంది. మంచిర్యాలలో సైన్సు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కదా, పొగ పెట్టినవాడే దాని ఖర్చు భరించాలని పిల్లలకు చెప్పినట్టే మీకూ చెప్పాను. తవ్విన ప్రతి టన్నుకూ ఇంత అని కేంద్రం పన్ను వేసేసరికి నా మాటే నెగ్గినంత సంబరపడ్డాను కూడా. ఆ మరుసటి వేసవిలో చంద్రపూర్ నుంచి మరియమ్మక్క ఫోన్ చేసింది. "తమ్మీ, ఒకపారి వచ్చి మా కరెంటు బిల్లు సదివిపోరా. రేటు పెరిగిందని గల్లీ అంత మొత్తుకుంటుండ్రు, మాకేమో తక్కువొచ్చింది. మీ బావకు సన్నక్షరాలు ఆనుతలేవంట. తప్పువడ్డదేమో, మళ్ల ఒక్కపారే మోపుతరేమోనని బుగులైతుంది." బిల్లు మరాఠీలో ఉంటుంది, అక్కకు మరాఠీ చదవడం రాదు, ఎప్పుడూ బావే చదివి చెప్పేవాడు. సరే, రెండో శనివారం బడి లేదు, బయల్దేరాను.

ఇటు నుంచి వెళ్లేవాళ్లకు పొద్దున్నే ఉండే ప్యాసింజరే మేలు. టికెట్టు ఇరవై రూపాయల లోపే, బల్లార్షా చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. స్టేషను బయట టీ తాగి చంద్రపూర్ బస్సెక్కితే అరగంట ప్రయాణం. కిటికీ పక్కన కూర్చున్నానేమో, దిగేసరికి తెల్లచొక్కా మోచేతి దగ్గర నల్లబడింది. బస్టాండులో ఆటో అతను తెలుగువాడే, రాజురా వైపు మనిషి. మా బావ మాజ్రి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడని చెప్పగానే ఇల్లు ఎక్కడో అడగలేదు. "ఆ గల్లీ ఎర్కే సార్. పొద్దుగాల ఎవలు లేచిండ్రో దగ్గు ఆవాజ్‌తోనే చెప్తరు గాడ" అన్నాడు. దూరంగా కరెంటు ప్లాంటు గొట్టాలు చూపించి, "గీడ వుట్టిన కరెంటు యాడికో పోతది, బూడిద మాత్రం గీడనే వడ్తది" అని ముప్పై రూపాయలు తీసుకున్నాడు. బేరమాడబుద్ధి కాలేదు.

దేవదాసు బావ మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల గని దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. పదవీ విరమణ డబ్బులతో నాగపూర్‌లో కొన్న విదేశీ మిషను కరెంటుతో నడుస్తూ గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టంలోకి పంపుతుంది, రాత్రీ పగలూ పెట్టుకునే ఉండాలని డాక్టరు మాట. నేను వెళ్లేసరికి అది ఆగి ఉంది. "ఏం బామ్మర్ది, నీ పన్ను వచ్చిందంట గద! మిఠాయి తెచ్చినవా?" అని నవ్వబోయి దగ్గాడు. గోళ్లు నీలంగా ఉన్నాయి. మిషను ఏమైందంటే, "ఇప్పుడే బంద్ వెట్టిన, చెవులు నొస్తున్నయ్" అన్నాడు. ఒంటిగంటకు గేటు చప్పుడైంది. హాస్టల్లో వంటపని ముగించుకుని వచ్చిన అక్క లోపల అడుగుపెట్టేలోపు ఆయన గొట్టం తగిలించుకుని స్విచ్ వేశాడు. అప్పటికైనా నాకు బుర్ర వెలగలేదు, చూడండి!

అన్నం, పచ్చిపులుసు అయ్యాక అక్క బిల్లు చేతికిచ్చింది. హిందీ వచ్చినవాణ్ణన్న ధీమాతో మొదలుపెట్టాను. "ఇంధన సమాయోజన్ ఆకార్... అంటే ఇంధనం సర్దుబాటు ఆకారం..." బావ పకపకా నవ్వాడు. "ఆకారం గాదు బామ్మర్ది! మరాఠీల ఆకార్ అంటే వసూలు. బొగ్గు పిరమైతే మన మీదేసుడు. పోయిన నెలకన్న పెరిగింది సూడు గాడ."

అక్క గిన్నె కింద పెట్టింది. "సన్నక్షరాలు ఆనుతలేవంటివి గదయ్యా?"

బావ నవ్వు ఆగిపోయింది. నేను అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది. నోటి తీట, మేష్టరు బుద్ధి! "రేటు పెరిగిందక్కా, యూనిట్లే బాగా తగ్గినయి" అనేశాను. అక్క మిషను వైపు చూసింది.

"ఎప్పటిసంది?"

"రెండు నెలలైతుంది" అన్నాడు బావ తల ఎత్తకుండా. "నువ్వు పనికి వొయినంక బంద్ వెడుతున్న. పెద్ద బిల్లొచ్చిందని రాత్రి వంట గూడ ఒప్పుకుంటనంటివి. నీ మోకాళ్లు సూస్తలేనా?"

"నా మోకాళ్లకోసం నీ పానం తీసుకుంటవా? నేను వచ్చేసరికి నువ్వు లేకుంటే ఏం జేద్దునయ్యా?" అక్క భోరున ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. "పొగ వెట్టినోడు కట్టాలె అని రాసినవట తమ్మీ. ఈయనేం పొగ వెట్టిండురా? మింగిండు గద."

నాకు సిగ్గేసింది. బొగ్గుకు ధర కట్టాలనే ఇప్పటికీ అంటాను. ఆ ఆకార్‌లో పన్ను ఎంతో, బొగ్గు ధర ఎంతో నాకు తెలియదు. ఒకటి మాత్రం కళ్లారా చూశాను. గని ప్లాంటు మీద వేసింది, ప్లాంటు పంపిణీవాళ్ల మీద, వాళ్లు ఇంటి మీద. ఇంకెవరి మీదా వేయలేని దేవదాసు బావ ఊపిరి తగ్గించుకున్నాడు. వసూలైన దాంట్లోంచి ఇలాంటి ఇళ్లకు తిరిగి రావాలని నా వాదనలో ఒక్క ముక్క రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. సాయంత్రం బస్సుకు లేచినప్పుడు అక్క గుమ్మం దాకా రాలేదు, మిషను పక్కనే కూర్చుంది.

అటు వెళ్లేవాళ్లకు ఒక మాట. మీ వాళ్లింట్లో బిల్లు చదవాల్సి వస్తే రూపాయలకంటే ముందు యూనిట్లు చూడండి. తగ్గి ఉంటే, ఇంట్లో ఏం ఆపేశారో అడగండి.